వీరేశుకు నేసిన గుడ్డలు

మొన్న మా తమ్ముడు వీరేశు, మనవరాలు పుట్టిన సంబరంలో ఎమ్మిగనూరంతా తిరిగి, ఇంకా చేమగ్గం విడవని ఒక ముసలాయన దగ్గర ఉయ్యాల గుడ్డ సంపాదించి, చూడక్కా అంటూ తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. మడత విప్పగానే గంజి వాసన గుప్పుమంది. కొత్త బట్ట వాసనంటే అందరికీ పండగ గుర్తొస్తుందట. నేను మాత్రం దాన్ని గబగబా మళ్లీ మడిచేశాను.

ఆ వాసనలోనే నేను పెరిగాను. తెల్లవారుజామున ఎండ ఎక్కకముందే మా నేతగాళ్ల వీధి ఆ చివర నుంచి ఈ చివరకు మగ్గమెక్కే నిలువు పోగుల పడుగులు సాచి, పెద్దవాళ్లు చెరో పక్కన నిలబడి పొడుగాటి కుంచెలతో జొన్నగంజి పట్టిస్తుంటే, పిల్లలం కింద దూరి తెగిన పోగులు వెతికి చూపించేవాళ్లం. పని కాగానే బొరుగుల ఉగ్గాని తినేసి అరుగెక్కి అచ్చనగాయలు. చలికాలమైతే పచ్చి శనక్కాయలు చెత్తమంటలో కాల్చుకుని, నల్లబడ్డ మూతులతో మళ్లీ ఆటే. ఉగాదికి ఓళిగలు కాలుతుంటే మా అవ్వ పెనం పక్కనే కూర్చుని, దేవుడికి పెట్టకముందే తునక తుంచి నా నోట్లో కుక్కి, మీ అమ్మకు చెప్పొద్దని కళ్లెర్రజేసేది.

మా నాయన మాట తక్కువ మనిషి. బట్ట దగ్గర మాత్రం మహా మొండి. ఉతికిన బట్టను మళ్లీ గంజిలో ముంచనిదే ఆరేయనిచ్చేవాడు కాదు. గంజి లేని బట్ట ఆయన కంటికి తల దువ్వుకోని మనిషి కింద లెక్క. అందరిళ్లలో పుట్టిన బిడ్డను అవ్వల పాతచీరల్లో చుట్టేవాళ్లు గానీ, మా ఇంట్లో ఆ మాటే లేదు. నాకు తొమ్మిదేళ్లప్పుడు వీరేశు పుడితే, పురుడు కాకముందే ఎర్రంచు ఉయ్యాల గుడ్డ నేసి, గంజి పెట్టి పెళపెళలాడేట్టు ఆరేసి, ఉయ్యాలలో తనే పరిచాడు.

మూడో నెలలో మొదలైంది. ముందు బుగ్గలు ఎర్రబడ్డాయి, తర్వాత మోచేతుల మడతలు, మోకాళ్ల వెనకాల, మెడ కింద. చిన్న చిన్న పొక్కులు లేచి, పగిలి, రసి కారి, అట్ట కట్టి, ఆ అట్ట వీడితే మళ్లీ కింద పచ్చి మాంసం. అందరూ తామర అన్నారు. ఇప్పుడు ఎగ్జిమా అంటున్నారు, పేరు మారింది అంతే. వేపాకు నీళ్లు పోశారు, పసుపు రాశారు, ఆముదం పూశారు, పక్కవీధి ముసలాయన ఏదో చదివి ఊదాడు. ఏది పూసినా వాడు ఏడుపే. పడుకోబెడితే గడియ నిద్రపోతే గొప్ప, ఉలిక్కిపడి లేచి, తల అటూ ఇటూ రుద్దుతూ, కాళ్లతో కాళ్లు రాచుకుంటూ ఒకటే గీ పెట్టేవాడు. అమ్మ కూర్చునే నిద్రపోవడం నేర్చుకుంది. రొట్టె తడుతూ తడుతూ పిండి మీదికి ఒరిగిపోయేది.

గోక్కోకుండా వాడి చేతులకు గుడ్డసంచులు తొడిగి మణికట్ల దగ్గర కట్టేవాళ్లు. ఉయ్యాల తాడు నా చేతికిచ్చారు. అరుగు మీద నా తోటివాళ్ల అచ్చనగాయలు గలగలమంటుంటే లోపల నేను తాడు లాగుతూ ఉండేదాన్ని. ఒకరోజు మధ్యాహ్నం వాడు ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, ఆ సంచుల చేతులు నావైపు చాచి, కళ్లతో అడుగుతున్నట్టు చూశాడు. నావల్ల కాలేదు. సంచుల ముడులు విప్పేశాను. అమ్మ నీళ్లబిందెతో వచ్చేసరికి వాడి బుగ్గలు నెత్తురు, గోళ్లు నెత్తురు, ఎర్రంచు గుడ్డ మీద నెత్తురు. అమ్మ బిందె దించి, గోడకు ఆనుకుని కూర్చుని, బిడ్డకంటే పెద్దగా ఏడ్చింది. నన్ను నాలుగు తన్నివుంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

నాయన ఆ గుడ్డను చేతిలోకి తీసుకుని వెలుగుకు పట్టి చూశాడు. "మోటు నూలు ఒరుసుకుంటాండాదేమో. ఇంగా సన్న నూలుతో నేస్తా సూడు" అన్నాడు. చేతనైంది అదొక్కటే కదా ఆయనకు! ఒకటి నేశాడు. తగ్గకపోతే ఇంకా సన్నం, ఇంకా సన్నం. అమ్మే చీరలు పక్కన పెట్టి మరీ నేశాడు. సన్న నూలు మగ్గం మీద తెగకుండా ఉండాలంటే గంజి ఇంకా చిక్కగా పట్టించాలి. పట్టించాడు. ఒంటి మీద పొక్కులు ఎక్కువైన కొద్దీ ఉయ్యాలలో కొత్త గుడ్డలు ఎక్కువయ్యాయి.

ఎండాకాలంలో మంత్రాలయం మొక్కుకుని పోయాం. తుంగభద్రలో స్నానాలు చేస్తుంటే మెట్టు మీద పెట్టిన బిడ్డ గుడ్డలన్నీ నీళ్లలో పడి ముద్దయ్యాయి. అమ్మ వేరే దారి లేక, మూటలో ఉన్న తన పాతచీర, పొయ్యి దగ్గర కట్టుకునే నారింజరంగు వెలిసిపోయిన చీర, అందులో వాణ్ని చుట్టింది. బస్సెక్కాం. అంత దుమ్ములో, అన్ని కుదుపుల్లో వాడు ఎమ్మిగనూరు దాకా కదలకుండా నిద్రపోయాడు. అమ్మ వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటూనే ఉంది. "స్వామి దయ జూసినాడు లచ్చీ" అని నా చెయ్యి పట్టుకుంది. ఇంటికొచ్చి, ఉతికి గంజి పెట్టిన గుడ్డ పరిచి పండుకోబెట్టారు. దీపాలు పెట్టకముందే ఏడుపు మొదలు. మొక్కులో ఎక్కడ తప్పు చేశామా అని అమ్మ రోజుల తరబడి కుమిలిపోయింది. కళ్లెదుటే ఉంది జవాబు, ఒక్కరికీ కనపడలేదు.

చివరికి ఆదోని డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఆయన ఇంకా రాలేదని పక్కింటి అరుగు మీద కూర్చున్నాం. అక్కడ బొంతలు కుట్టే ఒక ముసలి బీబమ్మ, చుట్టూ పాతగుడ్డల కుప్ప వేసుకుని సూది ఆడిస్తోంది. బిడ్డ ఏడుపు విని దగ్గరికి జరిగి, వాడి కింద గుడ్డను రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది.

"యా అల్లా! ఏం గుడ్డప్పా ఇది, అట్ట మాదిరి? పసిబిడ్డకు పాత మెత్తగుడ్డ ఎయ్యాల గానీ!"

నాయనకు ముఖం ఎర్రబడింది. "మేము నేసేటోళ్లమమ్మా. మా బిడ్డకు పాతగుడ్డలు ఏంటికి?"

ఆమె నవ్వలేదు, కోపం కూడా తెచ్చుకోలేదు. "నువ్వు నేసేటోనివని బిడ్డకేం తెలుసప్పా?" అంది. తన కుప్పలోంచి అరిగిపోయిన లుంగీ ముక్క తీసి అమ్మ చేతికిచ్చింది.

డాక్టరు ఒంటికి పూయమని తెల్లటి మలాము ఇచ్చాడు. తిరుగు బస్సులో వాడు ఆ లుంగీ ముక్కలో నిద్రపోయాడు. నాయన కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు. మరుసటి రోజు తన పాతపంచె తీసుకుని, కాగిన నీళ్లలో తనే నాలుగుసార్లు ఉతికి, మొదటిసారి గంజి లేకుండా దండెం మీద ఆరేశాడు. వీధిలోవాళ్లు చూస్తారన్న జంకు కూడా లేదు. ఆ మధ్యాహ్నం వీరేశు రెండు పూటల నిద్ర ఒకేసారి పోయాడు. నాయన మగ్గం ఆపి, కాళ్లు దించుకునే గుంతలోంచి లేవకుండా, తన రెండు చేతులూ ముందు పెట్టుకుని చూసుకుంటూ, "ఇన్ని దినాలూ నేనే గీరినట్లాయె గదమ్మీ" అన్నాడు నాతో. నేను వాడు లేవకుండా ఉయ్యాల తాడు మెల్లగా లాగాను.

తామర అంతటితో పోలేదు. నాలుగేళ్ల దాకా ప్రతి చలికాలం వచ్చేది, అమ్మ ప్రతి చలికాలం ఏడ్చేది. కాకపోతే నిద్ర దొరికింది. నాయన మళ్లీ ఇంట్లోవాళ్ల కోసం ఏదీ నేయలేదు. ఇప్పుడు ఆయనా లేడు, అమ్మా లేదు, మా వీధిలో పడుగు సాచే చోట మోటారు సైకిళ్లు నిలబెడుతున్నారు, మగ్గం గుంతల మీద బండలు పరిచేశారు. గంజి కుంచె ఎలా ఉంటుందో చూపిద్దామన్నా ఒక్కటి దొరకదు.

వీరేశు కాఫీ తాగుతుంటే నేను లేచి, వాడు తెచ్చిన కొత్త గుడ్డను వేణ్నీళ్ల బకెట్‌లో ముంచాను. గంజి తెల్లగా నీళ్లలోకి దిగింది.

"అయ్యో, ఏంటికక్కా తడిపినావు? కళంతా పోతాది గదా!" అన్నాడు, అచ్చం నాయన గొంతుతో.

"కొత్తదని బిడ్డకేం తెలుసురా" అన్నాను.

వాడికి అర్థం కాలేదు. నేను రెండోసారి నీళ్లు మార్చి గుడ్డను పిసుకుతుంటే చూస్తూ కూర్చున్నాడు, ఎడమ మోచేతి మడతలోని నల్లమచ్చను తనకు తెలియకుండానే గోక్కుంటూ.