నేను అడ్జస్ట్ చేసిన ఏకాహం

ముందుగా మా ఇలవేల్పు కదిరి నరసింహస్వామికి కోటి దండాలు. భక్తుడు పిలిస్తే స్తంభంలోంచైనా ఆ క్షణానికే వచ్చి నిలబడ్డ దేవుడాయన. వేళకు ఒక్క మనిషినీ రప్పించలేక బెంగళూరు నడిబొడ్డున రామనామానికే నేను గండం తెచ్చిన వైనం ఇప్పుడు చెబుతాను. నవ్వండి, పాపం అంటదు.

అంతటికీ మూలం ఒక ఇంగ్లీషు క్రియ: అడ్జస్ట్. కన్నది ఇంగ్లీషువాళ్ళే అయినా దాన్ని పెంచి పెద్ద చేసింది మా ఊరే. బస్సులో నిండిన సీటు మీదికి ఒకాయన వంగి కన్నడంలో "స్వల్ప అడ్జస్ట్ మాడి" అన్నాడంటే, జరగమని. ఇంటి ఓనరు అన్నాడంటే, ఈ పూట నీళ్ళు రావని. దర్జీ అన్నాడంటే, చొక్కా బిగుతైంది, మీరే చిక్కండి అని. ఇన్ని అర్థాలున్నా 'కుదరదు' అనే అర్థం మాత్రం దానికి లేదు. అందుకే నాకది అంత ప్రాణం.

అప్పటికి నాకింకా పెళ్ళి కాలేదు. బుద్ధి సంగతి సరేసరి. మా భజన మందిరం పెద్ద నాగరాజప్పకు గొంతు ఆపరేషన్ అయింది. మానింది, మాట్లాడొచ్చని డాక్టరు చెప్పినా భయంతో ఆయన నోరు తెరవడం లేదు. అన్నీ సైగలే. ఆయన గొంతు తిరిగి రావాలని ఏకాహం మొక్కుకున్నాం. ఒక సూర్యోదయం నుంచి మరుసటి సూర్యోదయం దాకా జట్లు వంతులవారీగా పాడాలి, నామం ఆగకూడదు. ఆ వంతులు చూసే పని నాకు అప్పగించారు.

ముందురోజు నుంచే ఫోన్లు. ఎలక్ట్రానిక్ సిటీ సురేశ్, "బ్రో, మధ్యాహ్నం క్లయింట్ కాల్. మా టీమ్ స్లాట్ ఈవినింగ్‌కి అడ్జస్ట్ చేస్తావా?" అన్నాడు.

"దానికేం బ్రో!"

జిగణి ఫ్యాక్టరీలో పనిచేసే వెంకటేశన్న, "శీనా, మధ్యాహ్నం షిఫ్టు పడిండాది. మా జట్టు సాయంత్రం వస్తాదప్పా, రోంత అడ్జస్ట్ చేస్కో" అన్నాడు.

"రాన్నా, దేవుని పనే కదా!"

భస్మాసురుడికి శివుడు కూడా అంత ధారాళంగా వరమిచ్చి ఉండడు.

మరునాడు మధ్యాహ్నం, పొద్దుటి జట్టు నా చేతిలో భజన తాళాలు పెట్టి భోజనానికి వెళ్ళిపోయింది. చూస్తే మందిరంలో పాడడానికి నేనొక్కడినే. ఎదురుగా కుర్చీలో నోరు తెరవని నాగరాజప్ప. ఫోను జేబులో ఉంది. చేతుల్లో తాళాలు, నోట్లో నామం. ఆపానా, ఆయన కోసం మొక్కిన మొక్కు చెడుతుంది.

పాడాను. కాసేపటికి నా గొంతు మేకలా, ఆపైన సిటీ బస్సు బ్రేకులా అయింది. గుమ్మంలో పూలమ్మే మునెమ్మ కనబడితే రాగం తప్పకుండా వేడుకున్నాను: "రామా రామా మునెమ్మా, నీళ్ళు తేవమ్మా రామా!"

ఆమె చేతులు జోడించింది. "కొత్త పాటా సామీ? శానా బాగుండాది!" అని మురిసిపోయి, తనూ ఒకసారి "నీళ్ళు తేవమ్మా రామా" అనేసి మూర మల్లెపూల బేరానికి తిరిగింది.

ఇక అయిపోయింది. 'రా' అన్నాను. 'మా' రాలేదు. కళ్ళు మూసుకున్నాను.

"...మా" అని వినిపించింది.

తుప్పుపట్టిన గేటు తీసినట్టుంది ఆ గొంతు. నాగరాజప్ప! లేచి వచ్చి నన్ను మోకాలితో పక్కకు జరిపి, తాళాలు లాక్కుని, కుదురుగా కూర్చుని పాడుతున్నారు. ఏడుస్తూ బయటికి పరుగెత్తి అందరికీ ఫోన్లు చేశాను.

సాయంత్రానికి అన్ని జట్లూ ఒక్కసారే దిగాయి. మందిరంలో కాలు పెట్టే చోటు లేదు. ఎటు చూసినా "స్వల్ప అడ్జస్ట్ మాడి" అన్న కేకే. నామం మాత్రం సూర్యోదయం దాకా తెగలేదు.

హారతి కళ్ళకద్దుకుంటూ సురేశ్, "మిరాకిల్ అప్పా! దేవుడు మీ గొంతు తిరిగిచ్చేశాడు" అన్నాడు.

"ఇచ్చినాడప్పా," అన్నారు నాగరాజప్ప నా వైపు చూస్తూ. "ఈ శీనిగాని గొంతు ఆయప్పకి కూడా ఓర్చుకునేకి కాలేదు."

ఆ హారతి మీదే ఒట్టేశాను: ఈ కట్టె కాలేదాకా ఆ క్రియతో ఎవరికీ మాటివ్వను. ఆ ఒట్టు నిలవాలని నాతోపాటు మీరూ చేతులు జోడించండి. స్వామీ నరసింహా, కుదరని పనిని కుదరదనే ధైర్యం ఈ శీనయ్యకు ప్రసాదించు. ఎప్పుడైనా నోరు జారానా, నువ్వే కాస్త... వద్దులే స్వామీ, ఆ మాట అనను.