పాపను దాచిన రోజు

ప్రభుత్వాలు ఆఫీసులను కలుపుతుంటాయి, విడదీస్తుంటాయి. పేపర్లో ఓ మూలన చిన్నగా వేస్తారు, జనం పేజీ తిప్పేస్తారు. నేను తిప్పలేను. సముద్రం అవతల ఏదో దేశంలో విదేశీ వ్యవహారాల శాఖనూ, బీద దేశాలకు సాయం పంపే శాఖనూ ఒకటి చేస్తున్నారని ఎక్కడైనా చదివితే, నాకు ముందు గుర్తొచ్చేది బోధన్‌లో మా మిషన్ కాంపౌండు వెనక ఉన్న పాలవంట గది. ఆ వెంటనే మా అక్క బిడ్డ. ఈ రెండింటికీ ఏం సంబంధమని మా ఇంట్లో పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. వాళ్ళు కడుపునిండా పాలు తాగి పెరిగినవాళ్ళు.

అరవయ్యో దశకం చివరి సంవత్సరాల మాట ఇది. మా బాపు నిజాంసాగర్ కాలువ మీద తూములు ఎత్తి దించే పని చేసేవాడు. అవ్వ, అంటే మా అమ్మ, కాంపౌండులో పాలు కాచేది. నేను మెట్రిక్ తప్పి, మళ్ళీ కడతానని చెప్పుకుంటూ ఇంట్లో కూర్చున్నాను.

పాలవంట గది అంటే నాలుగు గోడల మీద రేకులు. పరదేశం నుంచి అట్ట డ్రమ్ముల్లో పాలపొడి వచ్చేది. అవ్వ పొద్దున్నే నీళ్ళు మరగబెట్టి, పొడి ఉండకట్టకుండా కలిపి, ఇంత బెల్లం వేసి కాచేది. బెల్లం వేయకపోతే ఆ వాసనకు పిల్లలు ముక్కు మూసుకుని పారిపోయేవారు. చెరకు కొట్టే కూలీల పిల్లలూ, మా కాంపౌండు పిల్లలూ గ్లాసులు పట్టుకుని నిలబడేవారు. పొడితోపాటు గోధుమరవ్వ కూడా తెల్ల సంచుల్లో వచ్చేది. ఆ సంచులు విప్పి పిల్లలకు లాగులు, జాకెట్లు కుట్టుకునేవాళ్ళం. ఎవరి వీపు చూసినా ఆ దేశపు అక్షరాలే. చదవడం రాదు కాబట్టి సిగ్గూ లేదు.

మా అక్కను ధర్పల్లిలో ఇచ్చాం. మొదటి కాన్పులోనే పోయింది. బిడ్డ బతికింది. బావ మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, వచ్చినామె ఆ పసిగుడ్డును చూడనంది. అవ్వ వెళ్ళి కొంగులో చుట్టుకుని తెచ్చింది. పాప అనే పిలిచేవాళ్ళం, పేరు పెట్టడానికి కూడా భయం వేసింది, నిలుస్తుందో నిలవదోనని. ఆ డ్రమ్ముల్లోని పాలే దాన్ని నిలబెట్టాయి. అవ్వ ఉగ్గుగిన్నెతో కొంచెం కొంచెం పోసేది. పాప మింగిన ప్రతిసారీ అవ్వ కూడా గుటక వేసేది, తానే తాగుతున్నట్టు.

ఆ సాయం సరిగా అందుతోందో లేదో చూడటానికి వాళ్ళ సాయం శాఖ నుంచి ఒకాయన వచ్చేవాడు. కాంపౌండులో అందరూ సాయం దొర అనేవాళ్ళు. ఎప్పుడొస్తాడో ఎవరికీ చెప్పేవాడు కాదు. నిజామాబాద్ నుంచి మామూలు బస్సులో దిగి, దుమ్ము కొట్టుకున్న బూట్లతో నేరుగా వెనకదారిన వంటగదికి వచ్చి మూత ఎత్తేవాడు. పిల్లల రెక్కలను బొటనవేలూ చూపుడువేలూ కలిపి చుట్టి చూసేవాడు. వేళ్ళు కలిసి ఒకదాన్నొకటి దాటాయంటే ఆ పిల్లకు ఇంకో గ్లాసు పోయమనేవాడు. పాప రెక్కకు ఆయన వేళ్ళు ఎంత దాటేవంటే, ఆయనే తల తిప్పుకునేవాడు. ముందుగా కబురు చేసి రావచ్చు కదా, భోజనం ఏర్పాటు చేస్తాం అని మా పాస్టరయ్య అడిగితే, చెప్పి వస్తే నాకు పెళ్ళిళ్ళే కనిపిస్తాయి అన్నాడట. ఆ మాట విని కాంపౌండంతా నవ్వుకుంది. దొరకు పెళ్ళంటే ఎందుకంత కోపమో అనుకున్నాం.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, సాయం దొర ఇక రాడని పాస్టరయ్య చెప్పాడు. వాళ్ళ దేశంలో రాయబారుల శాఖలో సాయం శాఖను కలిపేశారు. ఆయన్ను వెనక్కు పిలిపించారు. ఇక మీదట ఎంబసీ వాళ్ళే వచ్చి చూస్తారు.

అవ్వకు ఇదంతా వంటింటి లెక్కలోనే అర్థమైంది. “రెండు పొయ్యిలు ఒక్కటి జేసిండ్రు. మంచిదే. గంటె ఎవల చేతిల ఉన్నదయ్యా?” అని అడిగింది.

“ఎంబసీ వాళ్ళ చేతిలనే అవ్వా” అన్నాడు పాస్టరయ్య.

బాపు ఇంటికొచ్చాక చుట్ట ముట్టించుకున్నాడు. “రాష్ట్రాలు కలిపినప్పుడు మా ఆఫీసుల గూడ గట్లనే అయింది. నీళ్ళ సంగతి ఎరుకున్నోణ్ని పక్కకు కూసోవెట్టి, కాయితం సంగతి ఎరుకున్నోణ్ని కుర్సీల కూసోవెట్టిండ్రు” అన్నాడు. ఎప్పుడూ ఆఫీసును తిడుతూనే ఉంటాడులే అని మేం పట్టించుకోలేదు.

చెరకు గానుగాడే రోజులు మొదలైన కొత్తలో కబురొచ్చింది. ఎంబసీ నుంచి పెద్ద దొర వస్తున్నాడు, తహసీల్ ఆఫీసు వాళ్ళు కూడా వెంట ఉంటారు, ఫలానా రోజు, ఫలానా పూట. అంతే, కాంపౌండు కాంపౌండంతా అల్లుడు వస్తున్నట్టు లేచింది. గోడలకు సున్నం వేశారు. మామిడాకులు కట్టారు. బంతిపూల దండలు గుచ్చారు. కోళ్ళు కోసి బగారా అన్నం వండాలని తీర్మానించారు. చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఉన్న మా సంఘం కుటుంబాల నుంచి పిల్లల బట్టలు అరువు తెచ్చారు. సంచిగుడ్డల లాగులన్నీ విప్పించి మూట కట్టారు. ఆయన దేశం పంపిన గుడ్డ ఆయనకు కనబడకుండా దాచిన తెలివి మాది.

అప్పుడు బక్కపిల్లల సంగతి వచ్చింది. ఒంటి మీద ఎముకలు కనబడే పిల్లలను ఏం చేయాలి? పెద్దవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే అవ్వే ముందుగా అంది. “చుట్టమొస్తే సిరిగిన బొంత పరుస్తమా? ఆ పూటకు ఇంట్లనే ఉంచుదాం. మా పాపను గూడ తీస్కరాను. ఇన్నేండ్లు మనకు వెట్టిన దేశపాయనాయె, వెట్టింది వంటవట్టలేదని సూపిస్తమా? మన ఇజ్జత్ ఏంగావాలె?”

ఒక్కరు కూడా కాదనలేదు. ఎలా కాదంటారు? మా దగ్గర అతిథి ముందు లేమి చూపించడమంటే ఆయన మొహం మీదే అడుక్కున్నట్టు. తిన్నా తినకపోయినా, ఎవరైనా గుమ్మంలోకి వస్తే ఇప్పుడే తిన్నామని చెప్పే జనం మేం.

నా పని పాపను ఏడవనీయకుండా కట్టెల గదిలో కూర్చోవడం. తలుపు సందులోంచి అంతా చూశాను. కొత్త దొర తెల్లగా, పొడుగ్గా, టై కట్టుకుని ఉన్నాడు. దండలు వేస్తుంటే ప్రతి పిల్లకూ వంగి నమస్కారం పెట్టాడు. వంటగదిలోకి రాలేదు, ఎవరూ తీసుకురాలేదు కూడా. ఫ్యాక్టరీ క్వార్టర్ల నుంచి వచ్చిన ఓ బొద్దు పిల్లవాణ్ని ఎత్తుకుని ఫొటో దిగాడు. పిల్లలు ఎప్పుడూ ఇలాగే ఉంటారా అని అడిగితే, దేవుని దయ, మీ దయ, అందరూ బాగున్నారని పాస్టరయ్య ఇంగ్లీషులో చెప్పాడు. అవ్వ ఆ పక్కనే నిలబడి, మాట అర్థం కాకపోయినా తల ఊపుతోంది. కట్టెల గదిలో పాప నా వేలు చీకుతోంది.

ఆ కొత్త దొరను తిట్టుకుందామని ఎన్నోసార్లు కూర్చున్నాను. తిట్టడానికి ఏమీ దొరకదు, నా కోపం అదే. మర్యాద మనిషి. మేం పెట్టింది తిన్నాడు, మేం చూపించింది చూశాడు. రాయబారం చేసేవాళ్ళ పని అదే కదా, ఎదుటివాళ్ళు ఎంత మర్యాదగా ఉంటే అంత సంతోషించడం. మూత ఎత్తి చూసే మనిషిని తీసేసి మర్యాద చూసే మనిషిని పంపినవాళ్ళు ఎక్కడో ఉన్నారు. వాళ్ళను తిడదామంటే వాళ్ళ మొహాలు నాకు తెలియవు.

క్రిస్మస్ దాటింది. పాలపొడి రాలేదు. ఉన్న డ్రమ్ము అడుగంటాక పాస్టరయ్య హైదరాబాద్ వెళ్ళి, అక్కడికి వచ్చిన ఎంబసీ వాళ్ళను కలిశాడు. తిరిగొచ్చి మా ఇంటి ముందు నులకమంచం మీద కూర్చున్నాడు.

“మీ పిల్లలు మంచిగున్నరు, మాకు సంతోషం, ఇంక కరువున్న తావుకు పంపుతం అన్నరు. ఇక్కడ రెండు దేశాల దోస్తీ నలుగురికీ కనవడే పెద్ద పని ఏదన్న జేస్తరంట” అన్నాడు.

“నిజం జెప్పకపోయినవా అయ్యా?” అంది అవ్వ.

“చెప్పిన. బక్కపిల్లలను ఇంట్లవెట్టినం అని గూడ చెప్పిన. మీరు మర్యాదస్తులు, ఇంకింత కావాలని గట్ల అంటున్నరు, మా వాడు కండ్లార చూసొచ్చిండు గద అని అక్కడి దొర నవ్విండు.”

అవ్వ లేచి లోపలికి వెళ్ళింది. పాపను ఒళ్ళో వేసుకుని గోడ వైపు తిరిగి కూర్చుంది. “నా పిల్లను నేనే దాసుకుంటినే. అందరికంటె ముందు నా నోట్లెకెల్లే వచ్చె ఆ మాట” అంది. ఎవరితో అందో తెలియదు.

పాలవంట గదికి తాళం పడింది. అయినా పిల్లలు కొన్నాళ్ళు అలవాటుగా గ్లాసులు పట్టుకుని వచ్చి తలుపు ముందు ఆడుకుని వెళ్ళేవారు. అవ్వ పని పోయింది. కలుపు తీయడానికి పోయింది, బీడీలు చుట్టింది. వచ్చిన దాంట్లో పాపకు బర్రెపాలు కొనేది. అవి పాలో, పాలగిన్నె కడిగిన నీళ్ళో. పాపకు విరేచనాలు పట్టుకున్నాయి. గంజి పోశాం, జొన్న అంబలి పలచగా చేసి పోశాం. అప్పుడప్పుడే గోడ పట్టుకుని లేస్తున్న పిల్ల మళ్ళీ కూలబడింది. దవాఖాన నర్సమ్మ పాపను చూసి, మందులు కాదు, దీనికి మంచి పాలు కావాలంది. ఆమె మీద కూడా నాకు కోపమొచ్చింది. మాకు తెలియని సంగతేమన్నా చెప్పిందా?

ఏటా గానుగ రోజుల్లో దెగ్లూరు వైపు నుంచి మరాఠీ వాళ్ళు చెరకు బండ్లు తోలుకుని వచ్చి మా కాంపౌండు పక్క మైదానంలో దిగేవారు. వాళ్ళలో ఒక జంటకు పిల్లల్లేరు. వాళ్ళ ఊళ్ళో రెండు పాడిబర్రెలున్నాయి. ఆమె పొద్దుగూకాక వచ్చి పాపను ఎత్తుకుని, మరాఠీ కలిసిన తెలుగులో ఏవేవో ముచ్చట్లు చెప్పేది. ఓ రోజు భర్తను వెంటబెట్టుకుని వచ్చి, మాకు ఇస్తారా అని అడిగింది. అడుగుతూనే ఏడ్చేసింది.

వాళ్ళది మన విశ్వాసం కాదు కదా అని పాస్టరయ్య మెల్లగా గుర్తుచేశాడు. “పాలకు మతమేందయ్యా” అంది అవ్వ.

గానుగ ఆగిపోయి బండ్లు తిరుగుముఖం పట్టిన రోజు, అవ్వ పాపకు స్నానం చేయించి, ఉతికిన సంచిగుడ్డ జాకెట్టు వేసి ఇచ్చింది. పాప ఏడవలేదు. ఎడ్ల గంటలు చూసి చేతులు ఊపింది. ఏడ్చి ఉంటే అవ్వ ఆపేసేదేమో. బండి పోయాక బాపు కాలువకు వెళ్ళిపోయాడు, ఆ రోజు అన్నానికి కూడా రాలేదు.

మరుసటి ఏడు వాళ్ళు బండ్లు తోలుకుని రాలేదు. వచ్చి చూసి పొమ్మని మనిషితో చెప్పి పంపారు. ఫలానా రోజు వస్తామని మేమూ చెప్పి పంపి, నేనూ అవ్వా బస్సెక్కాం. వెళ్ళేసరికి వాకిలి అలికి ముగ్గు పెట్టి ఉంది. బొబ్బట్లలాంటి పోళీలు చేసి, పైన నెయ్యి వేసి పెట్టారు. పాప కొత్త గౌను వేసుకుని, కళ్ళకు కాటుక పెట్టుకుని నడుస్తోంది. పెంచినామెను వాళ్ళ మరాఠీలో అమ్మా అన్నట్టు ఆయీ అని పిలుస్తోంది. అవ్వ రెండు చేతులూ చాస్తే ఆ ఆయీ వెనక్కు వెళ్ళి, చీర కుచ్చిళ్ళు పట్టుకుని తొంగి చూసింది.

తిరుగు బస్సులో నాకు సంతోషంగానే ఉంది. “మంచిగున్నది గదవ్వా, బుగ్గలొచ్చినయ్” అన్నాను.

అవ్వ కిటికీలోంచి చెరకు చేలను చూస్తోంది. “మనం వస్తున్నమని వాళ్ళకు ఎరుకనే గద” అంది.

“అయితే ఏంది?”

“గౌను కొత్తది. పోళీలు దినాం జేస్కుంటరా? మనం రాని దినం పిల్ల ఎట్లుంటదో ఎవలకెరుక?”

“గట్లెందుకంటవవ్వా? వాళ్ళు మంచోళ్ళు.”

“మనం గూడ మంచోళ్ళమేనే బిడ్డా” అంది అవ్వ.

కొంతసేపయ్యాక, “ఒకపారి చెప్పకుంట పోదామా?” అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు తనే, “వద్దుతీ. అనుమానపడ్డట్టుంటది. వాళ్ళ ఇజ్జత్ తీసినట్టుంటది” అంది. బోధన్ చేరేదాకా కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూనే ఉంది. ఆ ఊరికి మళ్ళీ ఎన్నడూ పోలేదు.