బావ అలిగితే సొరంగం ఆగేది

మా బావకి అలక జబ్బు. అక్క మొగుడు, కొండలో రహదారి సొరంగం తవ్వించే పెద్ద ఇంజినీరు, తల సగం నెరిసిన మనిషి. అయినా గోరంత కారణం దొరికితే చాలు, కొండంత అలక. హెల్మెట్ చంకలో పెట్టుకుని బయటికి నడిచి, సిమెంటు బస్తాల మీద అటు తిరిగి కూర్చునేవాడు. ఆయన ‘ఊ’ అననిదే లోపల మిషను కదలకూడదని రూలు. అందుకని వెనకాలే అందరూ బయటికి రావలసిందే. ఆ సైటులో నేను స్టోర్సు చూసేవాణ్ణి. పేరుకే స్టోర్సు, అసలు ఉద్యోగం బావని బతిమాలడం.

ఓసారి డ్రిల్లరు పలకరించలేదని అలిగాడు.

"మిషను మోతలో మీరొచ్చింది వినపడలేదు సార్."

"పొద్దున్నుంచీ వినపడలేదా?"

"ఇప్పుడేగా వచ్చారు?"

"చూశావా, ఎదురు మాట కూడానూ."

మర్నాడు డ్రిల్లరు వినయంగా పలకరిస్తే, పనిలో ఉండగా పలకరించాడని అలిగాడు. ఇంకోసారి జనరేటరు తనని చూసే దగ్గిందన్నాడు. దాని తరఫున మెకానిక్కు క్షమాపణ చెప్పుకున్నాడు పాపం.

క్షమాపణలకి లొంగే ఘటమా ఆయన! గడ్డం పట్టుకున్నా, కాళ్ళు పట్టుకున్నా, రెండు మూడు గంటలు బిగుసుకు కూర్చునేవాడు. తర్వాత ఎవరూ పిలవకుండానే లేచి, లోపలికెళ్ళి కప్పు వంక ఓసారి చూసొచ్చి, "సరే, పదండి" అనేవాడు. ఈయనతో ఎలా వేగుతున్నావక్కా అంటే, "ఇంట్లో ఆయనెప్పుడూ అలగలేదే" అంది. నాకు మండిపోయింది. మేమే దొరికామన్నమాట.

సొరంగం తవ్విన మేర రాతి కప్పుకి సిమెంటు చిమ్ముతారు. అది ఆరి గట్టిపడితేగాని కింద మనుషులు నిలబడకూడదు. ఈ సంగతి కొండకి తెలుసు, సిమెంటుకి తెలుసు, హెడ్డాఫీసుకి తెలీదు. హెడ్డాఫీసు దృష్టిలో సిమెంటు కూడా ఉద్యోగే. పైనుంచి ఉత్తర్వు వస్తే ఆరి తీరాలి.

చివరి రాతిగోడ బద్దలయ్యే రోజు మంత్రిగారొస్తున్నారన్నారు. బావ ఇక చీఫ్ ఇంజినీరని ఆయన నోటితోనే ప్రకటిస్తారట. అక్క కొత్త చొక్కా ఇస్త్రీ చేసి పెట్టింది. తీరా ఆ పొద్దున్నే కప్పులో నీరు ఊరుతోందని బావ మళ్ళీ సిమెంటు చిమ్మించాడు.

"సభ సాయంత్రానికి మార్చండి సార్, కప్పు పచ్చిగా ఉంది," అన్నాడు హెడ్డాఫీసు నుంచి వచ్చిన డైరెక్టరుతో.

"రాసివ్వండి, పరిశీలిస్తాం."

రాసిచ్చాడు. సొరంగంలో వేసిన మంత్రిగారి సోఫా కుంటుతోందని డైరెక్టరు ఆ కాగితాన్నే నాలుగు మడతలు పెట్టి దాని కాలి కింద తోయించాడు. ఫొటో కోసం డ్రిల్లర్లందరినీ ఆ సోఫా వెనకే, ఆ కప్పు కిందే నిలబెట్టాడు.

మంత్రిగారు సోఫాలో కూర్చునే మైకు అందుకున్నారు. బావ చేతికి టీ వచ్చింది. ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.

"ఇందులో చక్కెర లేదు."

నేను గబగబా దగ్గరికెళ్ళాను. "బావా, మీకు దణ్ణం పెడతా, ఇవాళొద్దు. ప్రమోషను నోటి దాకా వచ్చింది."

"చక్కెర లేదంటున్నాను."

టీ కింద పెట్టి, హెల్మెట్ చంకన పెట్టుకుని బయటికి నడిచాడు. వెనక డైరెక్టరు పరిగెత్తాడు, ఆయన వెనక డ్రిల్లర్లు, వాళ్ళ వెనక ఫొటోగ్రాఫర్లు. ఫొటోగ్రాఫర్లు లేని చోట తనకేం పనని చివరికి మంత్రిగారూ వచ్చేశారు. స్వయంగా చక్కెర డబ్బా పట్టుకుని బతిమాలారు.

"ఒక్క చెంచా వేసుకోండి."

"మనసు విరిగాక చక్కెరెందుకండీ?"

అంతలో లోపల పెద్ద చప్పుడు. కప్పు నుంచి మంచమంత పెచ్చు ఊడి సోఫా మీద పడింది. సోఫా చాప అయిపోయింది. మనుషుల్లో ఒక్కరికి గీత కూడా పడలేదు.

మర్నాడు పేపర్లలో మంత్రిగారి ముందుచూపుని పొగిడారు. చీఫ్ ఇంజినీరు పదవి డైరెక్టరు తోడల్లుడికి పోయింది. బావ గురించి డైరెక్టరు పైకి రాసింది ఒకే ముక్క: "కప్పు బాగాలేదని సభలోంచి వెళ్ళిపోయారు." ఏ కప్పో రాయలేదు.

నెల రోజుల అలకకి సిద్ధపడి వాళ్ళింటికి వెళ్ళాను. బావ ఈల వేసుకుంటూ మొక్కలకి నీళ్ళు పోస్తున్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

"చెంచాడు చక్కెర కోసం పదవి పోగొట్టుకున్నాడక్కా."

అక్క నా చేతికి టీ ఇస్తూ ఆగిపోయింది. "చక్కెరేమిట్రా? షుగరొచ్చాక ఆయన చక్కెర ముట్టి ఎన్నేళ్ళయిందనీ!"

బావ వంక చూశాను. డ్రిల్లరు పలకరించని రోజూ, పలకరించిన రోజూ, జనరేటరు దగ్గిన రోజూ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అన్నీ కప్పు పచ్చిగా ఉన్న రోజులే.

"రాసిస్తే సోఫా కిందకి పోతుందోయ్," అన్నాడు బావ. "అలిగితే మనుషులు బయటికొస్తారు."

"ఇన్నాళ్ళూ నాచేత గడ్డం పట్టించుకున్నారు. నాకైనా చెప్పొచ్చుగా?"

"చెబితే నువ్వంత బాగా బతిమాలేవాడివా?"

ఒళ్ళు మండి, గ్లాసు అక్కడే పెట్టేసి, వెళ్ళి మెట్ల మీద అటు తిరిగి కూర్చున్నాను. కాసేపటికి బావ వచ్చి పక్కన చేరాడు. బతిమాలడం ఆయనకి చేతకాదు, ఎప్పుడూ అవసరం పడలేదు మరి. గొంతు సవరించుకున్నాడు, నా భుజం తట్టబోయి మానేశాడు.

"ఎంతసేపోయ్?"

"సిమెంటు ఆరేదాకా."

"అయితే చాలాసేపే," అని లోపలికి కేకేశాడు. "ఏమోయ్, రెండు టీలు ఇటు పంపించు. మీ తమ్ముడి దాంట్లో చక్కెర కాస్త ఎక్కువెయ్యి, అలిగాడు."