లిఫ్టు పనిచేయదు ప్రభువా

దేవుడికి అడ్రసు చెప్పాలా, అక్కర్లేదా? నాకు డెబ్బై దాటాయి, ఒక గది నిండా పుస్తకాలు చదివాను, ఈ ప్రశ్నకు మాత్రం ఇప్పటికీ జవాబు తెలియదు. జకరయ్య గారికి తెలుసు. చెప్పాలి, అదీ వివరంగా చెప్పాలి అంటారు. ఎవరి కోసం ప్రార్థించినా ఆయన ముందు వాళ్ళింటికి దారి చెబుతారు. ఊరూ పేటా చెప్పి ఊరుకునే మనిషి కాదు. మెట్రో ఏ స్టేషన్లో దిగాలి, ఏ పక్క మెట్లు దిగితే ఎండ తగలదు, ఎక్కడ జనం దారి తప్పుతారు, ఏ గల్లీలో కుక్కలుంటాయి, ఎవరినడిగితే సరిగ్గా చెబుతారు, ఇవన్నీ అయ్యాకే రోగం సంగతికి వస్తారు.

ఆయనకు అమీర్‌పేటలో కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. ఆ వీధిలో గోడలు కనిపించవు, కంప్యూటర్ కోర్సుల బోర్డులే కనిపిస్తాయి. ఆ కోర్సులు చదివి చూపు తగ్గించుకున్న పిల్లలే ఆయన బేరం. ఒకనాడు నా కళ్ళజోడు స్క్రూ బిగించుకుందామని వెళ్ళేసరికి మంజూష అనే హాస్టల్ పిల్ల కొత్త ఫ్రేములు చూస్తోంది. తన గదిలో ఉండే సుమశ్రీకి జ్వరమని, తిండి సయించడం లేదని మాటవరసకు అంది. అంతే, స్క్రూడ్రైవరు చేతిలో ఉండగానే జకరయ్య గారు కళ్ళు మూసుకున్నారు.

"మహోన్నతుడవైన తండ్రీ, నీకు వందనములు, స్తోత్రములు. నీ కుమార్తె సుమశ్రీ కొరకు వేడుకొనుచున్నాము. దూరమేం లేదు తండ్రీ, గీ మైత్రీవనం ఎనుక రెండో గల్లీ. కింద జిరాక్స్ షాపు, మీద లేడీస్ హాస్టల్. పక్కన సుత ఇంకోటున్నది, అది జెంట్స్ హాస్టల్, అండ్లకు పోవద్దు. వాచ్‌మన్ లోపటికి రానియ్యడు. ఆయనతోని జర నెమ్మదిగ మాట్లాడాలె."

ప్రార్థన అయ్యాక నేను ఉండబట్టలేక అడిగాను. "దేవుణ్ణి వాచ్‌మన్ ఆపుతాడా జకరయ్య గారూ?"

"లేడీస్ హాస్టల్ సార్. ఎవలనైనా ఆపుతడు."

ఆ రోజు నుంచి నాకు ఆయన దుకాణం అలవాటైంది. వెళ్ళినప్పుడల్లా ఎవరో ఒకరి ఇంటికి దారి తెలిసేది. చదువుకునే మనిషిని, ఎక్కడికీ వెళ్ళను, అయినా ఎస్సార్ నగర్లో నీళ్ళ ట్యాంకు పక్క సందులో ఎవరి మోకాళ్ళు నొప్పో, యూసఫ్‌గూడలో ఎవరి కోడలు అలిగిందో నాకు కంఠతా వచ్చేసింది.

పొద్దున పూట వెళితే మాత్రం కథ వేరు. అప్పుడాయన గల్లాపెట్టె పక్కన బైబిలు తెరిచి, వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదువుతుంటారు. ఒకసారి ఎవరో బేరం వచ్చి, "అన్నా, నా అద్దాలైనయా?" అన్నాడు. జకరయ్య గారు తల ఎత్తకుండా ఆగమన్నట్టు చెయ్యి చూపించారు.

"ఏంటన్నా, ఫోన్ల ఉన్నవా?"

"ఆయన మాట్లాడుతుండు. నడుమ కోస్తే మంచిగుండదు."

బేరానికొచ్చినవాడు దుకాణమంతా కలయజూశాడు. నేను తప్ప ఎవరూ లేరు. నేను నోరు మూసుకునే ఉన్నాను. వాడు నా వైపు ఒకసారి అనుమానంగా చూసి సాయంత్రం వస్తానని వెళ్ళిపోయాడు.

"పొద్దున ఆయన వంతు, సాయంత్రం నా వంతు సార్," అని తర్వాత జకరయ్య గారు వివరించారు. "గ్రంథంల ఆయన మాట్లాడ్తడు, ప్రార్థనల నేను మాట్లాడ్త. ఇద్దరం ఒక్కసారే మాట్లాడితే ఏం వినపడ్తది? మా ఇంట్ల గట్లనే అయితది, నాకూ మా ఆమెకూ."

వాళ్ళ చర్చి పాస్టరు ప్రమోద్ కుర్రవాడు, మంచివాడు, గడియారం చూసుకునేవాడు. ఆదివారం ఆరాధనలో జకరయ్య గారు ప్రార్థనకు లేచారంటే వెనక వరసలో పిల్లలకు బిస్కెట్లు పంచుతారట. ఒకరోజు ప్రమోద్ నా ముందే దుకాణానికి వచ్చి మెల్లగా కదిపాడు.

"అంకుల్, దేవునికి అన్నీ తెలుసు కదా. అడ్రసులు జర తగ్గిద్దాం."

"తెల్వదన్ననా బాబూ?"

"మరెందుకు చెప్పుడు?"

"దేవుడు మనుషులకు చెప్పలేదా? బైబిల్ల దూతను పంపి మరీ చెప్పించిండు. ఫలానా ఊరికి పో, తోళ్ళపని చేసేటాయన ఇల్లు అడుగు, సముద్రం పక్కన ఉంటదని. తోళ్ళపనోడని ఎందుకు చెప్పిండు? వాసన పట్టుకొని పోవచ్చు. అదీ అడ్రసంటే. నీ పెండ్లి కార్డుల సుత గంత మంచిగ లేకుండె. నేను మస్తు తిరిగిన."

ప్రమోద్ నవ్వాడో, ఉడుక్కున్నాడో తెలియదు. గడియారం మాత్రం చూసుకున్నాడు.

అప్పటికి నాకు ఇదంతా వినోదం. నా కన్నుకు వచ్చేసరికి వినోదం తగ్గింది. ఎడమకన్ను ఎప్పుడో మసకబారింది. చదువంతా కుడికంటితోనే. దానికి శుక్లం తీశాక చీము పట్టింది. డాక్టరు పొద్దునా సాయంత్రం వేళ తప్పకుండా చుక్కలు వేయాలన్నాడు, సరిగ్గా వేయకపోతే ఆ కన్ను నిలవదనీ అన్నాడు. నేను పెళ్ళి చేసుకోలేదు. ఒక పుస్తకం పూర్తిచేశాక చూద్దాం, ఇంకొకటి పూర్తిచేశాక చూద్దాం అనుకుంటూ ఉండగా ఆ వయసు దాటిపోయింది. ఇప్పుడు సీసా పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది. చుక్క కంట్లో కంటే చెంప మీద ఎక్కువ పడుతోంది. ఆ కన్ను పోతే గదిలో ఉన్న పుస్తకాలన్నీ వట్టి ఇటుకలు.

నల్లకళ్ళద్దాలు కొనడానికి వెళ్ళి, నోరు జారి ఈ సంగతీ, ఇంటి సంగతులూ జకరయ్య గారికి చెప్పాను.

"ఎవలనన్న పంపాల్నా సార్?"

"అబ్బే, ఎందుకండీ. నేను చేసుకుంటాను."

"సరే సార్," అన్నారాయన. అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

మర్నాడు ఎవరో తలుపు దబదబా బాదారు. తీస్తే ఒకావిడ, చేతిలో టిఫిన్ డబ్బా, మెట్లెక్కిన ఆయాసం.

"నేను సుకన్యను సార్. అమీర్‌పేటల టిఫిన్ సెంటర్ మాదే. చుక్కల మందు ఏడున్నది?"

"మీరెవరో నాకు... బెల్లు కొట్టొచ్చు కదమ్మా."

"పనిచేయదంట కదా సార్. లిఫ్టు సుత పనిచేయదంట. అందుకే జల్ది బయలెల్లిన."

"మీకెవరు చెప్పారు?"

"మాకెవలు చెప్పలే. దేవునికి చెప్తుంటే విన్నం."

కుర్చీలో కూర్చోబెట్టి, గడ్డం పట్టుకొని తల వెనక్కి వంచి, చుక్క సరిగ్గా కంట్లో వేసింది. వేస్తూనే మాట్లాడింది. "పంజగుట్ట బస్‌స్టాప్ ఎనుక, పసుపురంగు బిల్డింగు, మూడో అంతస్తు. చెప్పుల స్టాండు మీద పాత పేపర్లుంటయి, అవి చూసి ఖాళీ ఇల్లనుకోవద్దు ప్రభువా అన్నడు. మధ్యాహ్నం పండుకుంటడు, గప్పుడు పోవద్దు అన్నడు. పెండ్లి సుత కాలేదంట కదా?"

నాకు ఒళ్ళు మండింది. ముప్పయ్యేళ్ళుగా పక్క ఫ్లాటు వాళ్ళకే తెలియనివ్వని నా బతుకంతా ఆకాశానికీ అమీర్‌పేటకూ ఒకేసారి చేరిపోయింది. అయినా సుకన్య సాయంత్రం మళ్ళీ వచ్చింది. ఆమెకు తీరిక లేనప్పుడు హనుమాండ్లు అనే ఆటోడ్రైవరు వచ్చాడు. అతనూ బెల్లు ముట్టుకోలేదు. అతనికి కుదరనప్పుడు ఇంకెవరో. చుక్క ఒక్కటి తప్పిపోలేదు. పైగా సుకన్య నేను సగంలో ఆపిన నవల బల్ల మీద చూసి, పైకి చదవడం మొదలుపెట్టింది. పేజీకి ఒకసారి ఆగి, "ఈ పిల్ల గాడ్నెందుకు చేసుకున్నది సార్, కండ్లు లేవా?" అని నన్నే నిలదీసేది, రాసింది నేనైనట్టు.

ఇలా ఊరుకుంటే నా జ్వరాలూ జలుబులూ అన్నీ పరలోకానికి పోతాయని, ఒక బుధవారం సాయంత్రం సుకన్య వాళ్ళింట్లో జరిగే గృహకూడికకు వెళ్ళాను. అక్కడే అందరి ముందూ జకరయ్య గారితో తేల్చుకోవాలని. వెళ్ళేసరికి ప్రార్థన మొదలైపోయింది. అందరూ చాప మీద కూర్చుని కళ్ళు మూసుకున్నారు. మర్యాదకు నేనూ తల వంచాను గానీ, నల్లద్దాల చాటున కళ్ళు తెరిచే ఉంచాను.

ఆ వారం దారి కృష్ణానగర్‌కు. "నీ దాసుడు వీర్రాజు, తండ్రీ. సినిమాలల్ల రాజు ఎనుక ఈటె పట్టుకొని నిలబడ్తడు. షూటింగుల పడి కాలిరిగింది. శుక్రవారం పొద్దుగాల సిమెంటు కట్టు విప్పించాలె. మేడ మీద గది, మెట్లు ఇరుకు. ఆటో గల్లీలకు రాదు, మూల మీదనే ఆగుతది."

అక్కడ ఆగారు. ఎవరూ కదల్లేదు.

అప్పుడు చూశాను. జకరయ్య గారు మెల్లగా ఒక కన్ను తెరిచారు. చాప మీది తలలన్నిటినీ ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసి, హనుమాండ్లు దగ్గర నిలిపారు.

"శుక్రవారం పొద్దుగాల తండ్రీ. మల్లొక్కసారి చెప్తున్న. ఆటో మూల మీదనే ఆగుతది."

హనుమాండ్లు కళ్ళు మూసుకునే చెవి గోక్కున్నాడు.

"ఆటో ఉన్న నీ బిడ్డలను దీవించు తండ్రీ. వాళ్ళ ఇంజన్లను దీవించు. కొత్త బ్యాటరీ వేయించుకున్నోళ్ళను మరీ ముఖ్యంగ..."

"ఆమెన్," అన్నాడు హనుమాండ్లు, నిట్టూర్చి.

"ఆమెన్," అని జకరయ్య గారు ఆ దారి అక్కడితో కట్టేసి, మరో పేటకు మళ్ళారు. ప్రతి ఇంటికీ అదే వరస. ఎవరో ఒకరు ఆమెన్ అనేదాకా దారి చెబుతూనే ఉన్నారు. నా పేరు వచ్చినప్పుడు ఆయన కన్ను కూడా తెరవాల్సి రాలేదు. లిఫ్టు దాకా రాకముందే సుకన్య ఆమెన్ అనేసింది.

కూడిక అయ్యాక టీలు తాగుతూ ఆయన్ను పక్కకు లాగాను. తెచ్చుకున్న కోపం చాలావరకు చాప మీదే వదిలేశాను, కొంచెం మిగిలింది.

"మీరు దేవుడికి చెబుతున్నారా, హనుమాండ్లుకు చెబుతున్నారా?"

"పైకి చెప్తే ఇద్దరు వింటరు సార్."

"హనుమాండ్లుని నేరుగా అడగొచ్చుగా."

"అడిగితే కుదరదు అంటడు. గట్ల అంటే ఆనికి సిగ్గు, నాకు సిగ్గు. మిమ్మల్ని అడిగితే ఏమన్నరు? అక్కర్లేదు అన్నరు." టీ ఊదుకుంటూ అన్నారు. "ఆయన్ను అడిగితే ఎవలకు సిగ్గు లేదు. గా తోళ్ళపనోని ఇంటికి దూత తానే పోవచ్చు కదా సార్, రెక్కలుండె. పోలే. మనిషికి చెప్పి పంపిండు."

ఆ టీలో చక్కెర ఎక్కువైందని మాత్రం అన్నాను.

కన్ను నిలిచింది. డాక్టరు అక్షరాల పట్టిక చూపించి చదవమంటే, అడుగు వరస కూడా చదివి, పట్టిక అచ్చువేసిన ప్రెస్సు పేరు కూడా చదివాను. చుక్కలు ఇంత క్రమంగా ఎవరు వేశారని అడిగాడు. మనుషులే అన్నాను.

కొత్త అద్దాలు జకరయ్య గారే ఇంటికి తెచ్చారు. పెట్టి చూశారు, ముక్కు మీద సర్దారు. పుస్తకం తీసి ఒక పేజీ చదివాను. ప్రతి అక్షరం కడిగినట్టుంది. కొత్త అద్దాలే అయినా తీసి ఒకసారి తుడుచుకున్నాను. ఆయన అది చూడనట్టు, "ఒక్క ప్రార్థన చేస్త సార్," అన్నారు. కళ్ళు మూసుకున్నాను. ఈసారి నిజంగానే మూసుకున్నాను.

"తండ్రీ, రామ్మోహన్ సారుకు చూపిచ్చినవు, వందనములు. నీ కుమార్తె మంగవ్వకు మాత్రం మొత్తానికే పోయింది. సాయంత్రమైతే వాక్యం చదివి వినిపించేటోళ్ళు లేక గోడ దిక్కు తిరిగి పండుకుంటున్నది. ఎర్రగడ్డ తండ్రీ. పంజగుట్టల మెట్రో ఎక్కితే బండి మారే పని లేదు, సీదా ఎర్రగడ్డల దిగొచ్చు. పెద్దమనుషులకు సీటిస్తరు. దిగినంక రైతుబజారు ఎనుక గేటు, కోళ్ళ దుకాణం పక్క గల్లీ, నీలం తలుపు."

ఆగారు. నేను కదల్లేదు.

"చదివేటోడు మన మతపోడే కావాలని లేదు తండ్రీ. వంశావళులు వచ్చిన కాడ ఆ పేర్లకు జర నోరు తిరగకపోవచ్చు. మంగవ్వ ఏమనుకోదు. గొంతు మంచిగుంటే చాలు. ఎర్రగడ్డ తండ్రీ, మల్లొక్కసారి చెప్తున్న..."

"ఆమెన్ అండీ, ఆమెన్," అన్నాను.

కళ్ళు తెరిచేసరికి ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంది. అద్దాల పెట్టె బల్ల మీద ఉంది. తలుపు బార్లా తెరిచి ఉంది. మెట్ల మీద చెప్పుల చప్పుడు రెండో అంతస్తు దాటింది. పేజీలో వేలు పెట్టుకునే బాల్కనీలోకి పరుగెత్తాను. ఆయన అప్పుడే వీధి దాటుతున్నారు.

"జకరయ్య గారూ, మంగవ్వ గల్లీలో కుక్కలున్నాయా?"

ఆయన వెనక్కి చూడలేదు. వెళ్ళొస్తానని కూడా అనకుండా, పంజాగుట్ట జనంలో కలిసిపోయారు.