శాలువా వచ్చినా ఆగని పాట

మా వైపు ఆర్కెస్ట్రాలకు ఒకటే శాసనం. స్టేజీ మీదికి శాలువా వచ్చిందంటే పాట ఆగాలి. పల్లవిలో ఉన్నా, చరణం నోట్లో ఉన్నా, గాయకుడు అక్కడికక్కడే మింగేసి పక్కకు జరగాలి. ఎవరో పెద్దమనిషికి ఇంకెవరో పెద్దమనిషి శాలువా కప్పుతాడు, ఫొటోలు తీస్తారు, తర్వాత మేం వేరే పాట ఎత్తుకుంటాం. ఆగిన పాటను ఆగినచోట అందుకోవడం మా వృత్తిలోనే లేదు. చోడవరం ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించే నాకు దీంతో ఒళ్లు మండేది. "దానికి కోపం ముక్కు మీదుంటాది" అనేసి మా ఆర్కెస్ట్రావాళ్లు ఊరుకునేవారు. ఉంటుంది. ముక్కు నాదే కదా.

నాకీ రోగం మా మావయ్య తెచ్చిన కేసెట్ వల్ల అంటుకుంది. ఆయన విశాఖ హార్బర్లో పనిచేసేవాడు. ఓడ మీద వచ్చిన విదేశీయుడెవరో ఇచ్చాడట. పైన కాగితం చిరిగిపోయి పేరూ ఊరూ ఏమీ లేవు. ఒక వైపంతా ఒకటే పాట. ఆర్గాన్ మొదలవుతుంది, గిటార్ వచ్చి దానితో తగువు పెట్టుకుంటుంది, నాలుగు దెబ్బల తాళంతో బుద్ధిగా నడుస్తున్నది కాస్తా ఏడు దెబ్బల్లోకి జారుతుంది, ఉన్నట్టుండి అంతా ఆగిపోతుంది. "టేపు తెగిపోనాదేమో సూడే" అంది మా అమ్మ. తెగలేదు. మొదటి వరస మెల్లగా తిరిగొచ్చింది. నాకు ఏడుపొచ్చేంత ఆనందం కలిగింది. పాట ఇంత దూరం పోవచ్చని, దారి తప్పినా ఇంటికి రావచ్చని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు.

ఇలాంటి పాటలు కట్టినవి ఎప్పుడో యాభై ఏళ్ల కిందటి విదేశీ బ్యాండ్లని తర్వాత తెలిసింది. అంత పొడుగు పాటలేమిటి, డాబు కాకపోతే, అని వాళ్ల దేశంలోనే నవ్వారట. తర్వాత వచ్చినవాళ్లు పాత చింతకాయ పచ్చడని తోసేశారట. తోసినవాళ్ల చేతులు వాసన చూడండి, ఆ పచ్చడి వాసనే. సినిమాలో విలన్ నడిచొస్తుంటే సాగే సింథసైజర్ మోత, భక్తి పాట మొదలవడానికి ముందు వచ్చే అంతులేని ఆర్గాన్, ఇవన్నీ ఎక్కడినుంచి ఊడిపడ్డాయి?

మా డ్రమ్ముల అతను చీడికాడవాడు. నాకంటే బాగా చిన్న. ఇప్పటి హెవీ మెటల్ బ్యాండ్లంటే ప్రాణం పెడతాడు. నా కేసెట్ గురించి చెబితే, "ముసలోళ్ళ పాటలక్కా అవి. సచ్చిపోనాయి" అన్నాడు. నీకు బాగా నచ్చిన ముక్క పెట్టమన్నాను. ఫోన్లో పెట్టాడు. గిటార్లు ఏడు దెబ్బల్లో గుద్దుతున్నాయి. అది అయ్యాక నేను మావయ్య కేసెట్లో మధ్య భాగం పెట్టాను. తొడ మీద తకిట తకధిమి వేసుకుంటూ విన్నాడు. మళ్లీ పెట్టమన్నాడు.

"ఏటక్కా ఇది, మావోళ్ళు ఈళ్ళ దగ్గిర దొంగిలించేసేరా?"

"దొంగతనం కాదురా. ఇన్నారు. ఇన్నది సేతుల్లోకి దిగిపోనాది. నీకు తెలీకండానే నీ సేతుల్లోకి కూడా."

ఆ తర్వాత ఇద్దరం కలిసి పావుగంట పాట ఒకటి కట్టాం. మాటల్లేవు. నాలుగులో మొదలై, ఏడులో తిరిగి, మధ్యలో పూర్తిగా నిశ్శబ్దమై, చివరికి మొదటి వరస తిరిగొస్తుంది. ఆ తిరిగి రావడం లేకపోతే ముందరిదంతా దండగే. పాకం ముదరకుండా పొయ్యి మీంచి దించితే దాన్ని ఎవరైనా బెల్లమంటారా?

ఆర్కెస్ట్రా నడిపే మాస్టారు రిహార్సల్ జరిగిన ప్రతిసారీ సగంలో టీకి లేచిపోయేవారు. నా పోరు పడలేక చివరికి వడ్డాది అవతల ఒక ఊరి తీర్థంలో, అంటే జాతరలో, సాయంత్రం జనం చేరే వేళ వాయించుకోమన్నారు.

వాయించాం. జీళ్ల కొట్ల దగ్గర బేరాలు ఆగలేదు. రోడ్డు మీద చెరుకు ట్రాక్టర్లు ఆగాయి గానీ అది మా కోసం కాదు, తీర్థం రద్దీకి. ఏడులోకి మారగానే ముందు వరసలో ఒకామె చంకలో బిడ్డను ఊపుతూ తడబడింది. రెండో చుట్టుకు దారిలో పడింది, సరిగ్గా ఏడుకే ఊపింది. నాకు గర్వంగా అనిపించింది. తర్వాత మా నిశ్శబ్దం వచ్చింది.

చివరిదాకా ఒక్కసారైనా విని ఉంటే మాస్టారికి తెలిసేది. అయిపోయిందనుకుని మైకు అందుకున్నారు. సన్మానం మొదలని చెప్పేశారు. కమిటీ ప్రెసిడెంటు గారు శాలువాతో, బడికి స్థలమిచ్చినందుకు సన్మానం అందుకోవాల్సిన పెద్దాయన మెడలో దండతో స్టేజీ ఎక్కేశారు. డ్రమ్ముల అతను కర్రలు పైకెత్తి పట్టుకుని నా మొహం చూస్తున్నాడు.

"అయిపోలేదు మాస్టారూ" అన్నాను.

"శాలువా వచ్చీసిందమ్మా. ఆపీ. ఆపకపోతే రేపట్నుంచి మరి రాకు."

చోడవరంలో నాకు ఇంకో ఆర్కెస్ట్రా లేదు. భయం వేసింది. భయం కంటే ఒళ్లుమంట ఎక్కువైంది. డ్రమ్ముల అతని వైపు తల ఊపాను. కర్రలు దిగాయి. ప్రెసిడెంటు గారు శాలువా రెండు చేతులా చాపి అలాగే ఉండిపోయారు. పెద్దాయన మాత్రం ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "కానీండి. ఇనీసాకే కప్పించుకుంటాను" అన్నారు. మొదటి వరస తిరిగొచ్చింది. పూర్తిగా వాయించి కీబోర్డు మీంచి చేతులెత్తాను.

మాస్టారు మాట మీద నిలబడే మనిషి. మర్నాటినుంచి నన్ను పిలవలేదు. డ్రమ్ముల అతను నాతో పాటు వచ్చేస్తానంటే తిట్టి అక్కడే ఉండమన్నాను. ఇంట్లో పిల్లలకు కీబోర్డు నేర్పుకుంటూ, మాస్టారి మీద పళ్లు నూరుకుంటూ ఏడాది గడిపాను. పశ్చాత్తాపపడతానని ఎదురుచూసినవాళ్లకు ఆ సరదా తీర్చలేదు.

మొన్న గోవాడ దగ్గర ఒక తీర్థానికి వెళ్లాను. స్టేజీ మీద అదే ఆర్కెస్ట్రా. నా చోట ఎవరో కొత్తమ్మాయి. సినిమా పాటలో రెండో చరణానికి ముందు ఉండాల్సిన ముక్క వదిలేసి, ఆ అమ్మాయి నా ఏడు దెబ్బల వరస ఎత్తుకుంది. డ్రమ్ముల అతను నేర్పి ఉంటాడు. ఇంతలో శాలువా మెట్లెక్కింది. అమ్మాయి దాన్ని చూసింది. వరస చివరిదాకా వాయించి అప్పుడు ఆపింది. మాస్టారు మైకు పట్టుకుని అంతసేపూ ఆగారు.

నా పక్కనున్న మనిషి తన పక్కవాణ్ని అడిగాడు. "ఎవలదిరా అది?"

"ఏటో, ఈళ్ళు ఇలాగే వాయిస్తారు."

మావయ్య కేసెట్ మీద కూడా పేరు లేదు. నన్ను మాన్పించారు. ఇప్పుడు ఆ వరసను మాన్పించమనండి, చూస్తాను.