బడి ముందా, గొలుసు ముందా

"నువ్వు కుట్టేది దారం నారాయణమ్మా, నేను చెప్పేది సాహిత్యం. రెండింటినీ కలపకు," అన్నారు వసుంధర మేడం.

"కలిపిందే నేను మేడం. అదే చెప్తా ఉండాను," అన్నాను.

"నాలుగేళ్ళుగా ఆ నవల పాఠం చెబుతున్నాను. దాని వరస నాకు తెలియదా?"

"ఆ వరస రాసినాయన పెట్టింది కాదు మేడం. నేను పెట్టింది."

ఈ మాటలు జరిగింది బెంగళూరులో ఒక కాలేజీ లైబ్రరీ వెనక, బైండింగ్ సెక్షన్‌లో, నేను రిటైరవడానికి మూడు నెలల ముందు. సెక్షన్ అంటే పెద్ద మాట. ఒక బల్ల, మర తిప్పి బిగించే ప్రెస్సు ఒకటి, ఒక కటింగ్ మిషను, నేను. నా హోదా బైండర్. నాకు పైన అసిస్టెంటు, ఆయనకు పైన లైబ్రేరియన్ గారు. కింద ఎవరూ లేరు, అందుకని నా కోపమంతా పుస్తకాల మీదే. నేను చదివింది దొడ్డబళ్ళాపురం పక్కన మా ఊళ్ళో మూడో తరగతి. ఇరవై ఏడేళ్ళ సర్వీసులో ఒక్క మెమో లేదు. ఆ సంగతి అడిగినవాళ్ళకూ చెప్పేదాన్ని, అడగనివాళ్ళకూ చెప్పేదాన్ని. మైదా జిగురు గరిటెడు మిగిలినా పారేయనిచ్చేదాన్ని కాదు. ఇప్పుడు ఇది రాస్తున్న పుస్తకం కూడా మనవరాళ్ళ పాత నోట్సుల్లో మిగిలిన తెల్ల కాగితాలు కుట్టుకున్నదే.

పని తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పాలి. ఒక పెద్ద కాగితం మీద పదహారు పుటలు అచ్చేసి మడిస్తే దాన్ని ఫారం అంటాం. ఇట్లాంటి ఫారాలు కొన్ని కలిస్తే పుస్తకం. పాత పుస్తకం బైండింగుకు వస్తే ముందు కుట్లు కోసి, ఎండిన జిగురు గీకి, ఫారాలు విడదీస్తాం. చినిగిన చోట పలచటి కాగితం అతికిస్తాం. తర్వాత పుట అంకెలు చూసి వరసలో పేర్చి, మళ్ళీ కుట్టి, ప్రెస్సులో బిగించి, అంచులు కోసి, అట్టకు కాలికో గుడ్డ వేస్తాం. గుడ్డ చిక్కపేట నుంచి నేనే తెచ్చేదాన్ని, మూర కొలిచేటప్పుడు అంగడాయన చేతిని వదలకుండా చూసేదాన్ని. ఇంక ముఖ్యమైన నియమం ఒకటుంది. అంకెలు పోయి వరస తెలియకపోతే కుట్టకూడదు. చీటీ రాసి పుస్తకంలో పెట్టి లైబ్రేరియన్ గారికి పంపాలి.

ఆ నియమం నేను ఇరవై ఏడేళ్ళలో ఒక్కసారే తప్పినాను. ఆ ఒక్కసారి చాలింది.

నాలుగేళ్ళ కిందట ఒక ఆఫ్రికా నవల వచ్చింది, తెలుగులోకి దింపినది. ఎలుకలు పై మూలా కింది మూలా కొరికేసినాయి. పుట అంకెలు లేవు, ఫారం అంకెలు లేవు, ముందుమాట అసలే లేదు. నవల మూడు భాగాలు. భాగం మొదట్లో పేరు తప్ప ఒకటో రెండో అని వేయలేదు. ఒక భాగం పేరు 'గొలుసు', ఒకటి 'బడి', ఇంకొకటి 'తీర్పు'. తీర్పు చివర సమాప్తం అని ఉండాది కాబట్టి దానితో పేచీ లేదు. మిగతా రెండింటిలో ఏది ముందు?

చీటీ రాయాలి. కానీ నాకు చదవడం వచ్చు కదా. మూడో తరగతి దాకా చదివినవాళ్ళకు ఉండే గర్వం ఎమ్మే చదివినవాళ్ళకు కూడా ఉండదు. మధ్యాహ్నం డబ్బా తింటా రెండు రోజుల్లో రెండు భాగాలూ చదివేసినాను. గొలుసులో ఒక తెల్లదొర ఇనుప గొలుసుతో కొండ మీది చేలు కొలుస్తాడు. బీడు పెట్టిన చేను ఎవరిదీ కాదని కాగితంలో రాసుకుంటాడు. ఒక ముసలాయన చేను అట్లా పోతుంది. బడిలో తెల్లవాళ్ళు పాఠశాల పెడతారు, ఆ ముసలాయన కూతురు అక్కడ చదువుకుంటుంది.

చదివినాక నాకు ఏ అనుమానమూ రాలేదు. మా ఇంట్లో ఏమైంది? ముందు మా ఊరికి బడి వచ్చింది. మా అన్న పదో తరగతి దాకా చదివినాడు. కాగితాలు చదవడం వచ్చినాక మా నాయనవి మూడెకరాలు తన పేరు మీద రాయించుకొని అమ్మేసినాడు. ముందు బడి, తర్వాత భూమి పోయింది. లోకమంతా అంతే అనుకొని బడి ముందు పెట్టి కుట్టేసినాను.

అడ్డం వచ్చిన సంగతి ఒకటుంది, దాచను. గొలుసులో ఒక ఎద్దు చేను దున్ని దున్ని చచ్చిపోతుంది. బడిలో ఆ ఎద్దు తోలుతో చేసిన డప్పే బడిగంట. నా వరసలో డప్పు ముందు మోగుతుంది, ఎద్దు తర్వాత దున్నుతుంది. ఆఫ్రికాలో రెండెద్దులు ఉండవా అనుకున్నాను.

ఇంకో ప్రతి ఎక్కడా దొరక్క అదే ప్రతిని తీసుకొని వసుంధర మేడం నాలుగేళ్ళు బి.ఎ. వాళ్ళకు పాఠం చెప్పినారు. ఆమె పరిశోధన కూడా దాని మీదే. అందులో నాలుగో అధ్యాయం, రచయిత కాలాన్ని ఎట్లా విరిచినాడని. చచ్చిన ఎద్దు మళ్ళీ దున్నడం గురించే పదకొండు పుటలు. ఆ గ్రంథం విశ్వవిద్యాలయంలో ఇస్తేనే ఆమె ఉద్యోగం పర్మనెంటు. మేం మాట్లాడుకున్న మరుసటి రోజే గడువు. గ్రంథం ఐదు ప్రతులు బైండింగుకు నా బల్ల మీదే పెట్టినారు.

అదే వారం ఎవరో రిటైరైన మేష్టారు తన పుస్తకాలు ఒక సంచీలో వేసి కాలేజీకి ఇచ్చినారు. అట్టలు సరిచేయమని సంచీ నా దగ్గరికి వచ్చింది. అందులో అదే నవల. అట్ట ఊడింది గానీ అంకెలన్నీ ఉండాయి. గొలుసు ముందు, బడి వెనక. నిలబడినట్టే నాలుగు పుటలు చదివినాను. పోయిన చేని మీదే బడి కట్టినారు. ఆ కాగితంలో ఏముందో చదివి చెప్పడానికే ముసలాయన కూతుర్ని బడికి పంపినాడు. ఏదో చేను, ఏదో కాగితం అని మునుపు నేను దాటేసినవీ అవే మాటలు. నా కుట్టులో చదువు భూమిని మింగింది, ఆయన రాసిన దాంట్లో పోయిన భూమి కోసం చదువు.

అందుకే ఆ సాయంత్రం మేడంను పిలిచి చెప్పినాను. ఆమె రెండో ప్రతి మొదటి నుంచి చివరి దాకా తిరగేసినారు. తర్వాత మెల్లగా, ఈ సంచీ పుస్తకాలు రిజిస్టరులోకి ఎక్కినాయా అని అడిగినారు. ఎక్కలేదన్నాను. ఆమె సంచీ వైపు చూసినారు. నేనూ చూసినాను. నాకూ మూడు నెలలే ఉండాయి, మెమో లేకుండా ఇంటికి పోవాలని నాకూ ఆశే. ఆ ప్రతిని మాయం చేద్దామన్న మాట ఇద్దరిలో ఎవరమూ అనలేదు గానీ, అనలేదని గొప్ప చెప్పుకోవడానికి లేదు.

"కుట్టెయ్యి నారాయణమ్మా. ఎవరు చూస్తారు?" అన్నారు చివరికి.

కుట్టనన్నాను. నీతి అనుకోవద్దు. ఒక తప్పుకు ఐదుసార్లు కొత్త కాలికో వేయడానికి నాకు చెయ్యి రాలేదు.

ఆమెకు కోపం వచ్చింది. "అంటే నా డాక్టరేటు నీ మూడో తరగతి మీద నిలబడిందా?"

"మూడో తరగతి మీద కాదు మేడం. మా అన్న అమ్మిన మూడెకరాల మీద," అని, బడి ఎందుకు ముందు పెట్టినానో అంతా చెప్పినాను.

మేడం స్టూలు మీద కూచున్నారు. నవ్వుతారో ఏడుస్తారో తెలియలేదు. వాళ్ళ నాన్నగారు తన చదువుకు రెండెకరాలు అమ్మినారని, అందుకే ఆ వరస చదివినప్పుడు తనకూ అనుమానం రాలేదని చెప్పినారు. రేపు చెబుతాను, అప్పటిదాకా దేన్నీ ముట్టుకోకు అని, సంచీలోని నవల తీసుకొని వెళ్ళిపోయినారు.

ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఒకటే. వరస తెలియనప్పుడు తెలియదని చీటీ రాయాలి. మన ఇంట్లో జరిగిన వరస ఎవరి పుస్తకానికీ వరస కాదు. ఇది తెలుసుకోవడానికి ఇరవై ఏడేళ్ళు పట్టిందంటే తప్పు బడిది కాదు, నాదే.

మరునాడు పొద్దున తొమ్మిదింటికి మేడం వచ్చి, మేష్టారి ప్రతి నా బల్ల మీద పెట్టి, ఐదు ప్రతుల్లోంచీ నాలుగో అధ్యాయం తీసేసినారు. నా ముందరే గైడుగారికి ఫోన్ చేసి ఆరు నెలల గడువు అడిగినారు. ఆయన ఏదో గట్టిగా అన్నట్టుంది, ఈమె సరే సార్ సరే సార్ అంటానే ఉండినారు. నాలుగేళ్ళ కిందట రాయాల్సిన చీటీ నేను అప్పుడు రాసినాను. 'వరస తప్పు. కుట్టింది నేనే.' పది గంటలకు లైబ్రేరియన్ గారు మెమో ఇచ్చినారు, ముట్టినట్టు సంతకం పెట్టినాను. పదకొండింటికి పాత ప్రతి కుట్లు కోసి, మేష్టారి ప్రతి పక్కన పెట్టుకొని, అంకెలు చూసి గొలుసు ముందు పెట్టి కుట్టినాను. ఆ రోజు ఒక్క వాక్యం కూడా చదవలేదు.