పండుగప్ప చెవిరాళ్ళు

వానలు పడి కొల్లేటికి కొత్తనీరు చేరాక, ఒక లంక గ్రామం నుంచి ఓ పెద్దాయన ఆ ఏటి మొదటి పండుగప్పను మా గుమ్మానికి తెచ్చేవాడు. తాతగారి కాలంలో ఆ లంక చుట్టూ వలలు కట్టించే హక్కు మాది. ఆ హక్కు పోయింది. తర్వాత తవ్వించిన చెరువులూ పోయాయి, ఏలూరులో మేడా పోయింది. స్టేషన్ దగ్గర అద్దె వాటాలోకి మారాక కూడా చేప రావడం మాత్రం మానలేదు.

ఆ రోజు నాన్నగారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గుమ్మంలో కుర్చీ వేసుకునేవారు. చేప అందుకుని కొత్త పంచె పెట్టేవారు. తల ఇంటి పెద్దకే వడ్డించాలి. అది మా ఇంటి పద్ధతి.

ఆ తల నాకు కావలసి వచ్చింది. నేను తాడేపల్లిగూడెం కాలేజీలో జువాలజీ చెబుతాను. చేప తలలో, లోపలి చెవుల్లో, తెల్లని రాళ్ళుంటాయి, చెవిరాళ్ళంటారు. చేప పెరిగే కొద్దీ వాటి మీద పొర మీద పొర చేరుతుంది. ఏ నీటిలో బతికితే ఆ నీటి గుర్తు ఆ పొరలో నిలిచిపోతుంది. పండుగప్ప ఉప్పునీట పుట్టి, సముద్రాన్నీ కొల్లేటినీ కలిపే ఉప్పుటేరు మీదుగా మంచినీటికి ఎక్కే చేప. సముద్రంలో వలకు పడేవీ, కొల్లేటికి ఎక్కేవీ ఒకే తెగా, లేక కొల్లేటికంటూ వేరే తెగ ఉందా? నేను తేల్చాలనుకున్నది అదే.

నాన్నగారు అడగ్గానే తల వదులుకున్నారు. "ఇదివరకు తలకాయ నా కంచంలోకి వచ్చేది. ఇప్పుడు మా అమ్మాయి దాని చెవులు పట్టుకుని ఊరూ పేరూ అడుగుతోంది" అని ఇంటికొచ్చిన వాళ్ళతో నవ్వేవారు. కొల్లేటి తెగ వేరే ఉండి తీరుతుందని ఆయన నమ్మకం. మాకంటూ చెప్పుకోవడానికి ఇంకేం మిగల్లేదు మరి.

కొన్నేళ్ళపాటు తలలు కూడబెట్టాను. వాటిలోని రాళ్ళను పలచగా కోయించి పరీక్షకు పంపాను. మొదటి ఏళ్ళ చేపల్లో ఉప్పు గుర్తు మెల్లగా తగ్గింది. తగ్గి, మళ్ళీ పెరిగి, మళ్ళీ తగ్గింది. ఉప్పుటేట్లో ఆటుపోట్ల మధ్య ఆగి ఆగి వచ్చిన చేపలవి. తర్వాతి ఏళ్ళ చేపల్లో మాత్రం, పిల్లగా ఉన్నప్పుడే, ఉప్పు ఒకే గీత దగ్గర తెగిపోయింది. అవి ఈదుకుంటూ వచ్చినవి కావు. హేచరీలో పొదిగించి, ఆక్సిజన్ సంచిలో తెచ్చి చెరువులో పోసినవి.

లంకకు వెళ్ళాను. పెద్దాయన కాదనలేదు.

"వలలో పండుగప్ప పడి చాలా ఏళ్ళయిందండి అమ్మాయిగారూ. అయ్యగారు గుమ్మంలో కుర్చీ ఏసుకుని ఉంటారు కదండీ. ఉత్తి చేతుల్తో ఎలా వత్తామండీ? చెరువులో పట్టిందే తెచ్చామండి." గొంతు తగ్గించి, "ఆయనకి చెప్పకండి" అన్నాడు.

మా మీద ఎవరూ జాలిపడనక్కర్లేదని చెప్పబోయాను. పెద్దాయన భార్య మంచినీళ్ళ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని నా ముందు నిలబడి ఉంది. తాగి వచ్చేశాను.

చెరువు చేపలను పక్కన పెడితే మిగిలినవి బహు కొద్ది. వాటితో కొల్లేటి తెగ ఉందనీ చెప్పలేను, లేదనీ చెప్పలేను. అడుగుదామంటే సముద్రం నుంచి చేపే రావడం లేదు.

ఒక సాయంత్రం నాన్నగారు కాఫీ తాగుతూ, "తేలిందా అమ్మా?" అన్నారు. మా ఇంట్లో ఆయన అడిగినదానికి అబద్ధం చెప్పిన వాళ్ళు లేరు. అంతా చెప్పాను. గ్లాసు కింద పెట్టారు.

"వాళ్ళని అడిగావా?"

"అడిగాను నాన్నగారూ."

"ఇంకెప్పుడూ అడక్కు."

మళ్ళీ వానలు వచ్చాయి. పెద్దాయన చేపతో వచ్చాడు. నాన్నగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. చేప అందుకున్నారు, పంచె పెట్టారు, వాళ్ళ ఇంట్లో అందరినీ పేరుపేరునా అడిగారు.

"ఈ ఏడు కొల్లేరు బాగానే ఇచ్చిందే" అన్నారు.

పెద్దాయన నేల చూపులు చూస్తూ, "తమ దయండీ" అన్నాడు.

అతను వెళ్ళాక నాన్నగారు వంటింటి గుమ్మం దాకా వచ్చారు. "తల కూడా కూరలో వేసెయ్యమ్మా. నీకిక అక్కర్లేదుగా."

వేశాను. ఆయన కంచంలోనే వడ్డించాను. ఏమీ వదలకుండా తిన్నారు. ఆయన చేయి కడుక్కోవడానికి లేచాక చూశాను. కంచం అంచున, ముళ్ళకు ఎడంగా, శుభ్రంగా తుడిచిన రెండు తెల్లని రాళ్ళు పక్కపక్కనే పెట్టి ఉన్నాయి.